సామాజిక మాధ్యమములలో కృత్రిమ ప్రజాభిప్రాయము : దత్తాంశ పరిశీలన పద్ధతి

1. విషయ ప్రవేశము

ఎన్నికలలో ప్రజలు తమ అభిప్రాయమును ఓటు రూపమున వెల్లడింతురు. ఆ అభిప్రాయము ఏర్పడుటలో ఇతరులు ఏమనుకొనుచున్నారను ఎరుకకు గొప్ప స్థానము కలదు. పూర్వము ఈ ఎరుక రచ్చబండ కడను, సంతలోను, గ్రంథాలయమునందలి పత్రికాపఠనమువలనను కలుగుచుండెను. నేడు అందు పెద్ద భాగము ఫేస్‌బుక్కునకు, వాట్సాపునకు, 2023లో ఎక్స్ అని పేరు మార్చుకొనిన ట్విట్టరునకు సంక్రమించినది. రచ్చబండ కడ మాటలాడువాడెవడో వినువారెరుగుదురు. పదిమంది ఒక మాట అన్నచో ఆ పదిమందియు కన్నుల ఎదుట నుందురు. సామాజిక మాధ్యమమున ఈ రెండు నిశ్చయములును లేవు. ఒక్కడు పదిమందిగా కనబడవచ్చును. జీతమునకు వ్రాయువాడు స్వేచ్ఛగా వ్రాయువానివలె కనబడవచ్చును. ఒక దేశమువాడు మరియొక దేశపు పౌరునివలె కనబడవచ్చును.

ఇచట ప్రచారమునకును వంచనకును గల భేదమును మొదటనే నిర్ణయించుకొనవలెను. తానెవరో చెప్పి తన పక్షమును సమర్థించుకొనుట ప్రచారము. అది ఎంత తీవ్రముగా నున్నను ప్రజాస్వామ్యమున దోషము కాదు. వక్త తన ఉనికిని గాని, తన సంఖ్యను గాని, తన వెనుకనున్న ప్రేరణను గాని మరుగుపరచి, శ్రోతలు మోసపోవునట్లు చేసినప్పుడు అది వంచన. చెప్పిన మాట సత్యమైనను ఈ వంచన సంభవింపవచ్చును. నూరు మారుపేర్లతో ఒక్కడు చెప్పిన సత్యము 'నూరుగురి అభిప్రాయము' అను అంశమున అసత్యమే. కావున కృత్రిమాభిప్రాయ పరిశీలనమును అసత్యవార్తల పరిశీలనముతో కలిపివేయరాదు.

తెలుగుశాఖవారికి దీనితో పనియేమి అని కొందరు శంకింపవచ్చును. సామాజిక మాధ్యమములలోని దత్తాంశమున అధికభాగము వ్రాతయే. ఒకే వ్రాత అనేక ప్రతులుగా వ్యాపించుట, ప్రతికిని ప్రతికిని గల సంబంధమును తేల్చుట, కర్తను నిర్ణయించుట అనునవి మనకు క్రొత్త పనులు కావు. తాళపత్ర ప్రతులను సరిచూచువారు తరతరములుగా చేయుచున్న పనికిని, నేడు గణనయంత్రముల సాయమున జరుగుచున్న ఈ పరిశోధనకును తర్కమున దగ్గరి పోలిక కలదు. ఆ పోలికను ఆధారముగా గొని, ఈ పద్ధతి దేనిని నిరూపింపగలదో, దేనిని నిరూపింపజాలదో వివరించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

2. మూడు ప్రశ్నలు, మూడు విధముల సాక్ష్యములు

ఒక కావ్యము యొక్క కాలకర్తృత్వములను నిర్ణయించునపుడు మన సాహిత్య చరిత్రకారులు అంతస్సాక్ష్యమును, బహిస్సాక్ష్యమును వేరుచేసి చూతురు. కావ్యమునందలి భాష, ఛందస్సు, పూర్వకవి స్తుతి మొదలగునవి అంతస్సాక్ష్యములు. శాసనము, ఇతర గ్రంథములలోని ప్రస్తావన మొదలగునవి బహిస్సాక్ష్యములు. ప్రస్తుత విషయమునను ఇదియే విభజన ఉపయోగపడును. పరిశోధకుని యెదుట మూడు ప్రశ్నలు నిలిచియుండును. మొదటిది: ఈ ఖాతాలు తమంత తాముగా వ్రాయుచున్నవా, లేక కూడబలుకుకొని వ్రాయుచున్నవా? రెండవది: కూడబలుకు ఉన్నచో దాని వెనుకనున్నవారెవరు? మూడవది: దానివలన ప్రజల మనస్సు మారినదా?

మొదటి ప్రశ్నకు అంతస్సాక్ష్యము, అనగా ఖాతాలనుండి లభించిన దత్తాంశము, చాలవరకు సమాధానము చెప్పగలదు. రెండవదానికి బహిస్సాక్ష్యము కావలెను. మూడవదానికి ఈ రెండును చాలవు. ప్రజలనే అడిగి తెలిసికొనిన సాక్ష్యము కావలెను. ఈ రంగమున కనబడు పొరపాటులలో పెక్కు, ఒక ప్రశ్నకు తగిన సాక్ష్యమును మరియొక ప్రశ్నకు వాడుటవలన కలిగినవే.

3. కూడబలుకును గుర్తించుట

ఈ పరిశోధనకు తొలినాళ్ల ఉదాహరణము 2010 జనవరిలో అమెరికా దేశపు మసాచుసెట్స్ రాష్ట్రమున సెనేటు స్థానమునకు జరిగిన ఉపఎన్నిక. వెల్లెస్లీ కళాశాల అధ్యాపకులైన పనాయోటిస్ మెటాక్సస్, ఎని ముస్తఫరాజ్ అను వారు ఎన్నికలకు ముందు దినములలోని ట్విట్టరు సందేశములను సేకరించి పరిశీలించిరి. క్రొత్తగా పుట్టిన తొమ్మిది ఖాతాలు 138 నిమిషములలో 929 సందేశములను, 573 మందిని పేరుపేరున సంబోధించుచు పంపినట్లు వారు కనుగొనిరి. ఆ సందేశములన్నియు డెమోక్రాటిక్ పక్షపు అభ్యర్థి మార్తా కోక్లీకి వ్యతిరేకముగా నున్న ఒకే ప్రచార స్థలమునకు దారిచూపునవి. ఏ సందేశమును విడిగా చూచినను అది ఒక పౌరుని కోపమువలె కనబడును. తొమ్మిది ఖాతాలను ఒకచోట చేర్చి, పుట్టిన వేళను, పలికిన మాటను, పంపిన వేగమును పక్కపక్కన పెట్టినప్పుడే అసలు రూపము బయలుపడినది. ఈ పద్ధతికి మూలసూత్రమిదియే: సాక్ష్యము ఒక్క సందేశమున ఉండదు, సందేశముల నడుమనున్న సంబంధమున నుండును.

ఆ సంబంధమును మూడు మార్గముల కొలుతురు.

మొదటిది పాఠసామ్యము. రెండు వాక్యములు ఎంతవరకు ఒకటియో కొలుచుటకు సులభమైన విధానమొకటి కలదు. ప్రతి వాక్యమును వరుసగా మూడేసి పదముల ముక్కలుగా విడదీసి, రెండింటికిని సమానమైన ముక్కలెన్నియో లెక్కించి, మొత్తము భిన్నమైన ముక్కల సంఖ్యచే భాగింతురు. 'మన గ్రామమునకు తాగునీరు వెంటనే కావలెను', 'మన గ్రామమునకు తాగునీరు వెంటనే ఇయ్యవలెను' అను రెండు వాక్యములను చూడుడు. ఒక్కొక్కదానిలో మూడు ముక్కలు. అందు రెండు ఉభయసామాన్యములు. రెంటిని కలిపినచో వేరువేరు ముక్కలు నాలుగు. కావున సామ్యము నాలుగింట రెండు, అనగా సగము. లక్షలకొలది సందేశములను ఈ విధముగా జంటలుగా కొలిచి, సామ్యము మిక్కిలి హెచ్చుగానున్న జంటలను గణనయంత్రము వేరుచేయును.

ఐతే సామ్యము మాత్రమే సాక్ష్యము కాజాలదు. ఉగాదినాడు వేలకొలది జనులు 'ఉగాది శుభాకాంక్షలు' అని ఒకే మాట వ్రాయుదురు. భారతజట్టు క్రికెట్ పోటీలో గెలిచినచో అదే నిమిషమున లక్షలమంది ఒకే అభినందనను పలుకుదురు. ఇందు కూడబలుకు లేదు. ఇచట పాఠపరిష్కర్తల అనుభవము మనకు మార్గము చూపును. జర్మనీ దేశమున కార్ల్ లాఖ్మన్ పేరిట 19వ శతాబ్దమున ప్రసిద్ధమైన పద్ధతిలో ముఖ్యాంశమేమనగా, రెండు ప్రతులు సరియైన పాఠమున ఏకీభవించుట వాని బంధుత్వమునకు నిదర్శనము కాదు. రెండును ఒకే లేఖక ప్రమాదమును వహించినచో, అది యాదృచ్ఛికముగా సంభవించునది కానిచో, అవి ఒకే మూలమునుండి వచ్చినవని ఊహింపవచ్చును. పూనాలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన మందిరమున 1925 నుండి సంస్కృత మహాభారత పరిష్కరణమునకు ప్రధాన సంపాదకులైన విష్ణు సీతారామ్ సుక్తంకర్ మహాశయుడు ప్రతులను శాఖలుగా విభజించుటలో ఇట్టి పాఠభేద విచారమునే ఆశ్రయించెను. సామాజిక మాధ్యమమునను అంతియే. అందరికిని సహజముగా తోచు మాటలోని ఏకత్వమునకు విలువ స్వల్పము. అపరూపమైన అక్షరదోషము, అసహజమైన పదబంధము, అర్థము చెడిన చోట తెగిపోయిన వాక్యము అనేక ఖాతాలలో ఏకరీతిగా కనబడినచో దాని విలువ అధికము.

రెండవ మార్గము కాలసామ్యము. ఒకే పాఠమును రెండు ఖాతాలు ఒకసారి ఒకే నిమిషమున ప్రకటించుట యాదృచ్ఛికము కావచ్చును. అదే జంట ముప్పదిసార్లు అట్లు చేసినచో యాదృచ్ఛికమనుట కష్టము. ఇచట 'కష్టము' అను మాటకు కొలత కావలెను. అందుకై పరిశోధకుడు పోలిక సమూహమును ఏర్పరచుకొనవలెను. అదే కాలమున, అదే విషయమును గూర్చి వ్రాసిన సామాన్య ఖాతాలను కొన్నిటిని యాదృచ్ఛికముగా ఎన్నుకొని, వాని నడుమ ఇట్టి సామ్యము ఎంత తరచుగా సంభవించునో చూచి, అనుమానిత సమూహమును దానితో పోల్చవలెను. పోలిక లేని కొలత నిరాధారము.

మూడవ మార్గము బంధజాలము. ప్రతి ఖాతాను ఒక చుక్కగాను, ఒకరి సందేశమును మరియొకరు తిరిగి పంపినచో ఆ రెండు చుక్కల నడుమ ఒక గీతగాను వ్రాసినచో ఒక పటము ఏర్పడును. పరస్పరము ఎక్కువగా తిరిగి పంపుకొనువారు ఆ పటమున గుంపులుగా చేరుదురు. ఎవరు ఏ గుంపున నున్నారో, ఏ ఖాతా రెండు గుంపుల నడుమ వంతెనవలె నున్నదో ఈ పటము చూపును.

4. కర్తను నిర్ణయించుట

కూడబలుకు ఉన్నదని తేలిన పిదప కర్త ఎవరను ప్రశ్న వచ్చును. ఇచట దత్తాంశము సూచనలను ఇయ్యగలదే కాని నిర్ణయమును ఇయ్యజాలదు. దృఢమైన పరిశోధనలన్నియు ఏదో ఒక బహిస్సాక్ష్యమును ఆధారముగా చేసికొనినవే.

దక్షిణ కొరియాలో 2012 డిసెంబరు 19న అధ్యక్ష ఎన్నిక జరిగెను. ఆ దేశపు జాతీయ గూఢచార సంస్థ ఉద్యోగులు సామాన్య పౌరులవలె నటించుచు ట్విట్టరునందు అధికారపక్షమునకు అనుకూలముగా వ్రాసిరని అభియోగము వచ్చి, విచారణ జరిగెను. సంస్థ పూర్వాధ్యక్షుడు వన్ సే-హూన్‌కు విధింపబడిన నాలుగు సంవత్సరముల కారాగార శిక్షను 2018 ఏప్రిలులో సర్వోన్నత న్యాయస్థానము స్థిరపరచెను. ఈ వ్యవహారమున న్యాయస్థానము ద్వారా గుర్తింపబడిన 1,008 ఖాతాలను కెల్లర్, షోఖ్, స్టీయర్, యాంగ్ అను పరిశోధకులు పరిశీలించి 2020లో ఒక వ్యాసమును ప్రకటించిరి. ఆ ఖాతాలు ఉద్యోగుల పనిదినములలో, పనివేళలలో చురుకుగా నుండి, తక్కిన వేళల మందగించెను. నిజమైన రాజకీయాభిమాని సాయంకాలమున, సెలవుదినమున ఎక్కువగా వ్రాయును. జీతగాడు కచేరి వేళలలో వ్రాయును. పై అధికారి ఆజ్ఞచే పనిచేయువారు శ్రమ తగ్గించుకొనుటకై ఒకే పాఠమును పంచుకొందురు. అందుచేతనే సామ్యము కలుగుచున్నదని వారి వివరణము. ఇది మిక్కిలి విలువైన అంశము. సామ్యము యంత్రమువలననే కలుగదు. ఉద్యోగుల కార్యాలయ స్వభావమువలనను కలుగును.

చైనా విషయమున బహిస్సాక్ష్యము మరియొక విధమున లభించెను. జియాంగ్షీ రాష్ట్రమున గాన్‌జౌ నగరమునకు చెందిన జాంగ్‌గాంగ్ మండల ప్రచార కార్యాలయపు ఉత్తరములు 2013, 2014 సంవత్సరములకు సంబంధించినవి బయటపడినవి. వానినుండి 43 వేలకు పైగా ప్రభుత్వ ప్రేరిత రచనలను గారీ కింగ్, జెనిఫర్ పాన్, మార్గరెట్ రాబర్ట్స్ అను పండితులు వేరుచేసి, 2017లో తమ ఫలితములను ప్రకటించిరి. అంతవరకు పలువురు, ప్రభుత్వపు రహస్య లేఖకులు ప్రతిపక్ష వాదములను ఖండించుచుందురని భావించిరి. ఉత్తరములలోని రచనలలో ఖండనము మిక్కిలి అల్పము. స్తుతి, దేశభక్తి వచనములు, విషయాంతర ప్రస్తావనలు అధికము. జనులలో కలత పుట్టు సూచన కనబడినప్పుడు ఈ రచనలు ఒక్కసారిగా వెల్లువెత్తెను. వాదించి గెలుచుట వారి లక్ష్యము కాదు, దృష్టిని మరలించుట లక్ష్యమని పరిశోధకులు సిద్ధాంతీకరించిరి. దేశము మొత్తమున ఇట్టివి సంవత్సరమునకు దాదాపు 44 కోట్ల 80 లక్షలు ఉండునని వారి అంచనా. ఒక మండలపు ఉత్తరములనుండి దేశమంతటికిని చేసిన అంచనా కావున దీనిని అంచనాగానే గ్రహింపవలెను.

అందరెరిగిన ఉదాహరణము రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరమున నెలకొన్న ఇంటర్నెట్ రీసెర్చ్ ఏజెన్సీ. ఈ సంస్థ లేఖకులు అమెరికా పౌరులవలె నటించుచు 2016 అధ్యక్ష ఎన్నికలకు ముందును వెనుకను వ్రాసిరి. 2018 ఫిబ్రవరి 16న అమెరికా ప్రత్యేక న్యాయవాది రాబర్ట్ మ్యూలర్ 13 మంది రష్యనుల మీదను, మూడు సంస్థల మీదను అభియోగ పత్రము దాఖలు చేసెను. ఆ సంస్థను స్థాపించినది తానేయని యెవ్‌గెనీ ప్రిగోజిన్ 2023 ఫిబ్రవరిలో స్వయముగా చెప్పుకొనెను. 2018 అక్టోబరులో ట్విట్టరు సంస్థ ఈ ఏజెన్సీకి చెందిన 3,841 ఖాతాల సందేశములను పరిశోధకులకు బహిరంగముగా అందించెను.

అంతకు ముందే, 2018 జూలైలో, క్లెమ్సన్ విశ్వవిద్యాలయపు డారెన్ లిన్విల్, పాట్రిక్ వారెన్ అనువారు ఈ సంస్థకు చెందిన దాదాపు 30 లక్షల సందేశములను వెలువరించిరి. ఖాతాలు కొన్ని పాత్రలుగా విభజింపబడినవని వారు చూపిరి. కొన్ని మితవాదులవలె, కొన్ని వామపక్షీయులవలె, కొన్ని స్థానిక వార్తాపత్రికలవలె, కొన్ని హ్యాష్‌ట్యాగు వినోదములలో పాల్గొనువారివలె, కొన్ని కల్పిత ఉపద్రవములను చాటి భయపెట్టువారివలె నటించెను.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన కేట్ స్టార్‌బర్డ్, లియో స్టూవర్ట్, అహ్మర్ ఆరిఫ్ అనువారి పరిశోధన ఇంకను గమనింపదగినది. 2016లో పోలీసు కాల్పులను, నల్లజాతివారి హక్కులను గూర్చి ట్విట్టరున జరిగిన వివాదమును వారు పరిశీలించుచుండిరి. తిరిగి పంపబడిన సందేశముల పటము గీచినప్పుడు రెండు గుంపులు స్పష్టముగా విడివడినవి: ఒకటి నల్లజాతి ఉద్యమమును సమర్థించునది, మరియొకటి దానిని వ్యతిరేకించునది. 2017 నవంబరులో రష్యన్ ఖాతాల పట్టిక వెలువడిన పిదప వారు దానిని తమ పటముతో సరిచూడగా, ఆ ఖాతాలు రెండు గుంపులలోను కనబడినవి. ఒకే కార్యాలయమువారు ఉభయపక్షముల వేషము వేసి, ఏ పక్షమున నున్నప్పుడు ఆ పక్షపు భాష మాటలాడిరి. పటము వారిని పట్టియీయలేదు. పట్టిక వచ్చువరకు వారు సామాన్య ఉద్యమకారులుగానే కనబడుచుండిరి. అంతస్సాక్ష్యమునకు గల హద్దును ఇంతకంటె స్పష్టముగా చూపు ఉదాహరణము అరుదు.

ఈ ద్విముఖనటన తెరమీదనే ఆగలేదు. 2016 మే 21న టెక్సస్ రాష్ట్రమున హ్యూస్టన్ నగరమునందలి ఒక ఇస్లాం కేంద్రము ఎదుట రెండు వర్గములు ఎదురెదురుగా నిలిచి నినాదములు చేసెను. ఒక వర్గమును పిలిచినది 'హార్ట్ ఆఫ్ టెక్సస్' అను ఫేస్‌బుక్ పుట; రెండవదానిని పిలిచినది 'యునైటెడ్ ముస్లిమ్స్ ఆఫ్ అమెరికా' అను పుట. రెండును ఆ రష్యన్ సంస్థ నడిపినవే. ఈ ప్రచారమునకైన వ్యయము దాదాపు 200 డాలర్లని 2017 నవంబరు 1న అమెరికా సెనేటు సంఘపు విచారణలో వెల్లడియైనది. వచ్చినవారు మాత్రము నిజమైన పౌరులు. వారి కోపమును నిజమైనదే. కృత్రిమమైనది పిలుపు మాత్రమే.

5. ఫలితమును నిర్ణయించుట

మూడవ ప్రశ్న కడకు వచ్చుసరికి చాలమంది తొందరపడుదురు. రష్యన్ సంస్థ రచనలు రెండు సంవత్సరములలో దాదాపు 80,000 వెలువడెననియు, అవి 12 కోట్ల 60 లక్షలమంది దృష్టికి వచ్చియుండవచ్చుననియు ఫేస్‌బుక్ సంస్థ 2017లో అమెరికా ప్రతినిధులకు తెలిపెను. సంఖ్య పెద్దదే. కాని కన్నుల ముందునుండి పోయినదంతయు చదువబడదు, చదువబడినదంతయు నమ్మబడదు, నమ్మబడినదంతయు ఓటును మార్చదు. వ్యాప్తిని ప్రభావముగా లెక్కించుట ఈ రంగమున మిక్కిలి సామాన్యమైన దోషము.

ప్రభావమును కొలువదలచినవారు ప్రజల అభిప్రాయములను ముందును వెనుకను అడిగి, వారు చూచిన సందేశములతో పోల్చవలెను. క్రిస్టఫర్ బెయిల్, ఆయన సహచరులు 2020లో ప్రకటించిన పరిశోధనమున 2017 చివరి భాగమున 1,239 మంది అమెరికన్ ట్విట్టరు వాడుకరులను పరిశీలించిరి. రష్యన్ ఖాతాలతో సంపర్కము కలిగినవారి రాజకీయ వైఖరులలో చెప్పుకొనదగిన మార్పు కనబడలేదు. గ్రెగరీ ఈడీ, ఆయన సహచరులు 2023లో ప్రకటించిన పరిశోధనము 2016 ఎన్నికల కాలమునకే సంబంధించినది. అందు వాడుకరులలో నూటికొకరికే 70 శాతము దర్శనములు లభించినట్లు తేలినది. చూచినవారిలో ఎక్కువమంది అంతకు ముందే రిపబ్లికన్ పక్షమునందు గాఢమైన అభిమానము కలవారు. దేశములోని వార్తాసంస్థల, నాయకుల సందేశములను వారు చూచిన దానితో పోల్చినచో రష్యన్ సందేశములు స్వల్పము. సందేశ దర్శనమునకును, వైఖరుల లేదా ఓటు మార్పునకును అర్థవంతమైన సంబంధము కనబడలేదు.

దీనినిబట్టి ఈ వంచన నిరపాయకరమని నిశ్చయింపరాదు. ఈ రెండు పరిశోధనలును ట్విట్టరునకు పరిమితములు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లను గూర్చి అవి చెప్పవు. సంవత్సరములకొలది సాగు నమ్మక క్షయమును కొలది నెలల సర్వే పట్టజాలదు. పత్రికాకర్తలు మోసపోయి కల్పిత ఖాతాల మాటలను 'ప్రజల మాట'గా ఉదాహరించినచో ఆ ప్రభావము ఈ లెక్కలోనికి రాదు. ఐనను ఋజువైనది ఋజువైనంతమేరకే చెప్పవలెను. వంచకుని సామర్థ్యమును అతిశయోక్తిగా వర్ణించుటయు అతనికి ఒక విధమైన సేవయే. ఎన్నికల ఫలితములన్నియు కృత్రిమములేయను అపనమ్మకము ప్రబలుట అతడు కోరునదే కదా.

6. యంత్రమా, మనుష్యుడా?

'బాట్' అని వ్యవహరింపబడు యంత్రచాలిత ఖాతాలను గుర్తించు సాధనములు చాల వచ్చినవి. 2017లో ఒనుర్ వారోల్ ప్రభృతులు ట్విట్టరునందలి చురుకైన ఖాతాలలో 9 మొదలు 15 శాతము వరకు ఇట్టివని అంచనా వేసిరి. ఈ సాధనములు సత్పౌరులను యంత్రములుగా భ్రమించు దోషమును గూర్చి రౌష్‌ఫ్లైష్, కైజర్ అనువారు 2020లో హెచ్చరించిరి. ఆ దోషమెట్లు పెరుగునో ఒక ఊహాగణితమున చూపవచ్చును. లక్ష ఖాతాలలో 1,000 మాత్రమే యంత్రములనుకొందము. సాధనము నూటికి 95 పాళ్లు సరిగా నిర్ణయించుననుకొందము. అది 950 యంత్రములను పట్టుకొనును. మిగిలిన 99,000 మనుష్యులలో నూటికి ఐదుగురిని, అనగా 4,950 మందిని, పొరపాటున యంత్రములనును. మొత్తము 5,900 ఖాతాలపై ముద్ర పడును; అందు నిజమైన యంత్రములు ఆరింట ఒకవంతునకు లోపలనే. సాధనము నూటికి 95 పాళ్లు సరియైనదని విని దాని తీర్పును యథాతథముగా గ్రహించినవాడు ఐదింట నాలుగుసార్లకు పైగా నిరపరాధిని నిందించుచున్నాడు. ఉత్సాహముతో రోజంతయు వ్రాయు వృద్ధుడో, ఒక ఉద్యమమునకు అంకితమైన విద్యార్థియో ఈ నిందకు గురియగును. పౌరుని మాటను యంత్రపు మాటగా కొట్టివేయుట వాక్స్వాతంత్ర్యమునకు స్వల్పమైన అపచారము కాదు.

యంత్రము, మనుష్యుడు అను విభాగమే కొన్ని తావుల నిలువదని మన దేశపు 2019 లోక్‌సభ ఎన్నికలు చూపినవి. మౌరీస్ జాకెష్, కిరణ్ గరిమెళ్ల, డీన్ ఎకెల్స్, మోర్ నామన్ అనువారు భారతీయ జనతా పక్షమును సమర్థించు 600 వాట్సాప్ సమూహములలో చేరి పరిశీలించి, 2021లో తమ ఫలితములను ప్రకటించిరి. ఫలానా వేళకు ఫలానా హ్యాష్‌ట్యాగుతో వ్రాయుడని పిలుపునిచ్చి, ముందుగా వ్రాసియుంచిన సందేశముల జాబితాను అందించిన 75 ప్రచారములను వారు గుర్తించిరి. వీనివలన ఎన్నికల కాలమున దేశవ్యాప్తముగా వందలకొలది 'ట్రెండులు' ఏర్పడినవి. ఇచట వ్రాసినవారు కల్పిత వ్యక్తులు కారు. స్వచ్ఛందముగా పాల్గొనిన అభిమానులు. ఐనను పాఠము కేంద్రమునుండి వచ్చినది. వేళ కేంద్రము నిర్ణయించినది. చూపరికి మాత్రము అది జనులలో తమంత తాము పుట్టిన ఉత్సాహముగా తోచినది. దీనిని వంచన అందుమా, సంఘటిత ప్రచారమందుమా? పరిశోధకులే ఇది ధర్మాధర్మముల చర్చను క్లిష్టము చేయుచున్నదని చెప్పిరి. పూర్వోక్తమైన మూడు మరుగులలో ఇచట ఉనికి మరుగుపడలేదు. స్వయంప్రేరణము మాత్రము మరుగుపడినది. దత్తాంశము కూడబలుకును చూపగలదు; అది తగునా తగదా అనుట నీతివిచారమునకు సంబంధించినది.

7. తెలుగు దత్తాంశము : విశేష సమస్యలు

పైని పేర్కొనిన కొలతలలో పెక్కు ఆంగ్ల దత్తాంశముపై రూపొందినవి. తెలుగునకు వానిని యథాతథముగా అన్వయించినచో పొరపాటులు కలుగును. మూడేసి పదముల కొలతకే మరలివత్తము. 'మన గ్రామమునకు తాగునీరు వెంటనే కావలెను', 'మన గ్రామానికి తాగునీరు వెంటనే కావాలి' అను వాక్యముల అర్థము ఒక్కటే. కాని మొదటిదాని మూడు ముక్కలలో ఒక్కటియు రెండవదానితో సరిపోదు, సామ్యము సున్న. విభక్తి, క్రియారూపము మారుటయే ఇందుకు కారణము. ప్రత్యయములు ప్రకృతితో అంటుకొనిపోవు భాషలో పదమును గాక ధాతువును, ప్రాతిపదికను కొలతకు గ్రహింపవలెను. లేదా పదముల ముక్కలకు బదులు అక్షరముల ముక్కలను లెక్కింపవలెను. సంధి కలిపి వ్రాయువారు, విడదీసి వ్రాయువారు ఉండుటవలన పదముల హద్దులే మారిపోవును.

లిపి మరియొక సమస్య. తెలుగువారు సామాజిక మాధ్యమములలో రోమను లిపిలో తెలుగు వ్రాయుట సర్వసామాన్యము. అందు త, ట లకు ఒకే అక్షరమును, ద, డ లకు ఒకే అక్షరమును వాడుట పరిపాటి. దీర్ఘమునకు కొందరు అచ్చును రెండుమార్లు వ్రాయుదురు, కొందరు వ్రాయరు. ఒకే మాటకు నాలుగైదు వర్ణక్రమములు కనబడును. తెలుగు లిపిలో వ్రాసినను, పొల్లును తరువాతి హల్లుతో కలియకుండ నిలుపుటకు కొందరు కంటికి కనబడని విభాజక సంకేతమును చేర్చుదురు. గణనయంత్రమునకు అది వేరొక పదము. వీనినన్నిటిని ఏకరూపమునకు తెచ్చిన పిదపనే పాఠసామ్యమును కొలువవలెను. కాని ఏకరూపమునకు తెచ్చునపుడు మూలప్రతిని భద్రపరచుట మరువరాదు. ఏ అక్షరదోషము బంధుత్వమునకు సాక్ష్యమో ఆ దోషమే ఈ సవరణలో తుడిచిపెట్టుకొనిపోవును. పాఠాంతరములను అధోజ్ఞాపికలలో నిలుపు పరిష్కర్త అలవాటు ఇచటను శిరోధార్యము.

వ్రాతకంటె బొమ్మలు ఎక్కువగా వ్యాపించుట మూడవ సమస్య. బొమ్మల సామ్యమును కొలుచుటకు వానిని ఎనిమిదింట ఎనిమిది గడుల చిన్న నలుపుతెలుపు పటముగా కుదించి, ప్రతి గడియు సగటుకంటె వెలుతురుగా నున్నదా లేదా అని గుర్తించి, ఆ 64 గుర్తులను పోల్చు పద్ధతి కలదు. ఇందువలన అంచు కత్తిరింపు, రంగు మార్పు స్వల్పముగా జరిగినను ఒకే బొమ్మయని చాలవరకు తెలియును. పాత ఛాయాచిత్రమును క్రొత్త సంఘటనకు అంటగట్టుటను పట్టుకొనుటకు ఇది ఉపకరించును. వాట్సాపున వ్యక్తిగత సందేశములు పంపినవానికిని పొందినవానికిని తప్ప ఇతరులకు తెలియవు. అది పౌరుల గోప్యతకు రక్షణ. దానిని ఛేదింపదలచుట పరిశోధకుని ధర్మము కాదు. బహిరంగ సమూహములలో లభించినంతవరకే అతని క్షేత్రము. ఆ క్షేత్రమునందును సామాన్యుల పేర్లను, దూరవాణి సంఖ్యలను తొలగించి, మొత్తముల రూపముననే ఫలితములను ప్రకటింపవలెను.

8. మూసికొనుచున్న ద్వారములు

ఈ పరిశోధనలకు ఆధారమైన దత్తాంశము నానాటికి దుర్లభమగుచున్నది. ట్విట్టరు సంస్థ పరిశోధకులకు ఉచితముగా ఇచ్చుచుండిన ప్రవేశమును 2023లో తొలగించినది. ఫేస్‌బుక్ యాజమాన్యము క్రౌడ్‌టాంగిల్ అను పరిశీలన సాధనమును 2024 ఆగస్టు 14న మూసివేసినది. ఐరోపా సమాఖ్య 2022లో చేసిన డిజిటల్ సేవల చట్టము 40వ అధికరణమున యోగ్యులైన పరిశోధకులకు దత్తాంశము ఇయ్యవలెనని పెద్ద సంస్థలను శాసించినది. అట్టి హక్కు లేనిచో, కృత్రిమాభిప్రాయమున్నదో లేదో చెప్పు అధికారము ఆ సంస్థలకే మిగులును. తాళపత్రములన్నియు ఒకే యజమాని పెట్టెలో నుండి, అతడు చూపినదే ప్రతి, చెప్పినదే పాఠము అయినచో పరిష్కరణమెట్లుండునో ఊహింపవచ్చును.

9. ఉపసంహారము

దత్తాంశ పరిశీలనము అనేక ఖాతాల నడుమనున్న పాఠసామ్యమును, కాలసామ్యమును, బంధజాలమును కొలిచి కూడబలుకును గుర్తింపగలదు. ఆ కొలతకు పోలిక సమూహము ప్రాణము. కర్తను నిర్ణయించుటకు న్యాయస్థానపు పత్రము, బయటపడిన ఉత్తరము, సంస్థ వెలువరించిన పట్టిక వంటి బహిస్సాక్ష్యము కావలెను. ఫలితమును నిర్ణయించుటకు ప్రజలను అడిగి తెలిసికొనిన సాక్ష్యము కావలెను. ఒకదానికి దొరికిన ఋజువుతో మూడింటిని నిరూపించితినని చెప్పు పరిశోధన ఏ పక్షమునకు అనుకూలమైనను గ్రాహ్యము కాదు.

తెలుగునకు సంబంధించినంతవరకు మన శాఖలలోని పరిశోధక విద్యార్థులు చేయదగిన పని చాల కలదు. ప్రాంతీయ వ్యవహార రూపములను, రోమను లిపి వర్ణక్రమములను ఏకీకరించు పట్టికలు, ప్రాతిపదికలను వేరుచేయు విధానములు, సామాన్యముగా ఏ పదబంధములు తమంత తాము వ్యాపించునో తెలుపు పోలిక దత్తాంశము మొదలగునవి గణనశాస్త్రజ్ఞులు ఒంటరిగా సిద్ధము చేయజాలరు. ఏ పదబంధము సహజము, ఏది అపరూపము అని నిర్ణయించుటకు భాష తెలిసినవాడు కావలెను. ఆ నిర్ణయము తప్పినచో ఒక వైపు వంచకుడు తప్పించుకొనును, మరియొక వైపు ఒక పౌరుని నిజమైన మాట కొట్టివేయబడును. ఈ రెండు అనర్థములను సమానముగా చూచి జాగ్రత్తపడువారు ఈ పనికి పూనుకొందురు గాక.